వరిలో కార్బన్ క్రెడిట్ స్కీము: పైపు గట్టిదే, పైసలే పలచన

మడిలో నీళ్లు నిలగట్టకుండా ఆరబెడుతూ వరి పండిస్తే డబ్బులిస్తామంటూ కార్బన్ కంపెనీల మనుషులు ఊళ్లలో తిరుగుతున్నారు. నీళ్లు నిలిచిన మడి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది. దాన్ని తగ్గించినందుకు దక్కే, అమ్ముకోదగ్గ పత్రమే కార్బన్ క్రెడిట్. ఈ సర్వీసులో రైతుకు దక్కేవి మూడు: చిల్లుల పైపు, యాప్‌లో ఫొటోలు తీసుకెళ్లే కుర్రాడు, ఎప్పుడో పడే డబ్బు. పైపుకైతే పూర్తి మార్కులు వేయొచ్చు.

మట్టి కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూపే ఆ పైపు అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పున్న పీవీసీ ముక్క. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ చిల్లులుంటాయి. అంతవరకు మట్టిలోకి దించి, లోపలి మట్టిని అడుగుదాకా తోడేయాలి. చాలాచోట్ల తేడా వచ్చేది ఇక్కడే. మట్టి తీయకపోతే లోపల నీటిమట్టం కనబడదు, రైతు కంగారుపడి మోటారు వేసేస్తాడు. తూము పక్కన, పల్లంలో పాతొద్దు. గట్టు మీంచి తేలిగ్గా కనబడే చోట ఉంటే చాలు. నాటిన రెండు వారాలకు మొదలుపెట్టి, పైపులో నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మడిలో 5 సెంటీమీటర్లు నిలిచేలా తడి పెట్టాలి. పూతకు అటూ ఇటూ వారం మాత్రం ఆరనివ్వొద్దు, తాలు పెరుగుతుంది. యూరియా ఆరిన మడిలో చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. చౌడు నేలలకు ఈ పద్ధతి వద్దు. నల్లరేగడి నెర్రెలిచ్చిందా, పెట్టిన నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకే.

ఇక డబ్బు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కలో దక్షిణాసియా వరి మడి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ వదులుతుంది. పలుమార్లు ఆరబెడితే 45 శాతం తగ్గుతుంది. 112 రోజుల పంటకు గుణించి, కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ ఎన్నో రెట్లు ఎక్కువ వేడి పెంచుతుందన్నదీ కలిపితే, ఎకరాకు తగ్గేది దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, అంటే అర క్రెడిట్. క్రెడిట్ పది డాలర్లకు అమ్ముడైందనుకున్నా ఎకరాకు నాలుగొందల చిల్లర. ఆడిట్ ఖర్చు, కంపెనీ వాటా అందులోంచే పోవాలి. ఆరిన మడిలో లేచే కలుపుకు ఒక్క కూలి మనిషి ఎక్కువైతే అక్కడికి సరి! ఎకరాకు వేలల్లో వస్తుందన్నవాళ్లను లెక్క కాగితం మీద వేసి చూపమనండి.

మరి చేరేవాళ్లు ఎందుకు చేరుతున్నట్టు? యాసంగి చివర్లో బోరు నీళ్లు చాలనివాళ్లకు పంట గట్టెక్కడమే లాభం, క్రెడిట్ డబ్బు కొసరు. కాలువ చివరి భూముల రైతు చేరడు. మడి ఆరబెడితే మళ్లీ వంతు వస్తుందన్న నమ్మకం అతనికుండదు. తెలంగాణలో 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, కాబట్టి మోటారు తక్కువ నడిపినా జేబులో మిగిలేదేం లేదు. అదే ఏడాది పంజాబ్ ‘పానీ బచావో పైసే కమావో’ (నీళ్లు మిగుల్చు, డబ్బు సంపాదించు) పథకం మొదలుపెట్టి, పంపుకు మీటరు బిగించి, కరెంటు కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు ఇచ్చింది. మీటరు రీడింగు రైతు తనే చూసుకోగలడు. క్రెడిట్ సంగతి అలా కాదు: తనిఖీ కావాలి, జారీ కావాలి, కొనేవాడు దొరకాలి. పైగా క్రెడిట్లు జారీచేసే వెర్రా సంస్థ వరికి వాడుతున్న పాత లెక్కింపు పద్ధతిని 2023లో ఆపేసి, కొత్తది 2025లో గానీ తేలేదు.

సంతకానికి ముందు ఒప్పందం తెలుగులో అడగండి. ఎన్నేళ్లు, రైతు వాటా ఎంత, అమ్ముడుపోకపోతే ఏమిస్తారు అన్నవి అందులో ఉండాలి. ఒకే సర్వే నంబరును రెండు కంపెనీలకు రాసిస్తే రెండుచోట్లా చిక్కే. కౌలు భూమైతే మరీ జాగ్రత్త: పైపు చూసేది, కలుపు తీయించేది కౌలుదారు, పాసుపుస్తకం మీద పేరు యజమానిది. డబ్బు ఎవరి ఖాతాలో పడాలో ఇద్దరూ నాట్లకు ముందే రాసుకోవాలి.