రహస్య కెమెరాలు, మైకులను వెతికే డిటెక్టర్: కొన్నేళ్ల వాడకం తరువాత

ఉద్యోగరీత్యా ఊరూరా లాడ్జిలలో బస చేయవలసిన స్త్రీని కనుక, కొన్నేళ్లుగా చేతిలో ఇమిడే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) డిటెక్టర్‌ను వెంట ఉంచుకుంటున్నాను. ఇది 1 మెగాహెర్ట్జ్ నుంచి 6.5 గిగాహెర్ట్జ్ వరకు రేడియో తరంగాలను పసిగడుతుందని పెట్టె మీద రాసి ఉంది. లెన్సును వెతకడానికి ఎర్ర లైట్లు, చూడడానికి ఎర్ర అద్దం కూడా ఉన్నాయి.

ఇది కొనదగిన పరికరమే. అయితే మోగనంత మాత్రాన గదిలో ఏమీ లేదని నమ్మకూడదు. మెమరీ కార్డులోనే రికార్డు చేసుకునే కెమెరా ఏ సంకేతాన్నీ బయటికి పంపదు కనుక యాంటెన్నాకు అది దొరకదు. సిమ్ కార్డుతో పనిచేసే మైకు, ఎవరో ఆ నంబరుకు ఫోన్ చేసి వింటున్నప్పుడే ఎడతెగకుండా ప్రసారం చేస్తుంది, మిగతా వేళ దాదాపు మౌనంగా ఉంటుంది. మాట వినబడితేనే పనిచేయడం మొదలుపెట్టే రకాలూ ఉన్నందున, నేను ఏదో ఒకటి పైకి చదువుతూ గదంతా తిరుగుతాను.

అనవసరంగా మోగడం దీని రెండో ఇబ్బంది. పక్క గది వైఫై, స్మార్ట్ టీవీ, దగ్గరలోని సెల్ టవర్, అన్నీ దీన్ని కదిలిస్తాయి. నా ఫోన్ ఆపేసి, పరికరం మీద సంకేత బలాన్ని చూపే లైట్లలో ఒక్కటి మాత్రమే వెలిగేంత వరకు సున్నితత్వాన్ని తగ్గించి, స్విచ్ బోర్డులు, పొగ సెన్సార్, గడియారం, అడాప్టర్ల దగ్గర నెమ్మదిగా జరిపితేనే ఫలితం కనిపిస్తుంది.

నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది ఎర్ర అద్దమే. గదిలోని లైట్లు ఆర్పి, పరికరం ఎర్ర లైట్లు వెలిగించి దాని గుండా చూస్తే, కెమెరా ఆన్‌లో లేకపోయినా లెన్సు చుక్కలా మెరుస్తుంది. మేకు తలలు, టైల్స్ కూడా మెరుస్తాయి గానీ, మనం కొద్దిగా పక్కకు జరిగితే ఆ మెరుపులు చాలావరకు చెదిరిపోతాయి.

నన్ను అనుమానపు మనిషిగా చూసిన లాడ్జి సిబ్బంది ఉన్నారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే తేల్చింది. నేను దుస్తులు మార్చుకునే గదిని ముందుగా చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఏదైనా దొరికితే దాన్ని ఊడబీకకుండా, ఉన్నచోటే ఫోటో తీసి 112కు ఫోన్ చేయండి. అందులోని కార్డే సాక్ష్యం. స్త్రీని ఏకాంతంలో రహస్యంగా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద తొలి నేరానికే ఏడాది నుంచి 3 ఏళ్ల జైలు పడుతుంది. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ పురుషులకు కూడా రక్షణ ఇస్తుంది.