ఏడాది వాడాక మా వీధి పార్కింగ్ పర్మిట్ గురించి నా మాట

మా వీధిలో ఉండేవాళ్ళకి పార్కింగ్ పర్మిట్లు పెట్టి ఏడాది దాటింది. అంటే పర్మిట్ వేళల్లో అది ఉన్న బండ్లే వీధిలో ఆగాలి, లేకపోతే ఫైన్. మొన్ననే రెన్యువల్ చేయించాను. చేయించే ముందు కూర్చుని, ఈ ఏడాదిలో ఇది నాకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ రాలేదు అని రాసుకున్నాను. మీ వీధిలో కూడా పర్మిట్ల మాట నడుస్తుంటే పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

మా ఇంటికి లోపల కారు పెట్టుకునే చోటు లేదు. నాన్న నాతోనే ఉంటారు. ఆయనకి 81 ఏళ్ళు. తుంటి ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నడుస్తున్నారు, అదీ నలభై అడుగులకి మించి కాదు. కాబట్టి కారు ఎక్కడ ఆగుతుందన్న దాన్ని బట్టే ఆయన ఆ రోజు బయటికి రాగలరా లేదా అన్నది తేలుతుంది.

పర్మిట్లు రాకముందు ఎలా ఉండేదో చెప్తాను. మా వీధి చివరి నుంచి ఐదు నిమిషాలు నడిస్తే రైల్వే స్టేషన్. పొద్దున ఎనిమిదికల్లా ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కార్లు మా వీధిలో వదిలేసి రైలెక్కేవారు, చీకటి పడ్డాకే తిరిగొచ్చేవారు. నాన్నని పదింటికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి పన్నెండింటికి తిరిగొస్తే ఒక్క ఖాళీ ఉండేది కాదు. రోడ్డు మధ్యలోనే లైట్లు వేసి కారు ఆపి, ఆయన్ని దించి, గేటు పట్టుకుని నిలబడమనేదాన్ని. వెనక హారన్లు. "నువ్వెళ్ళి పెట్టిరామ్మా, నేనిక్కడే ఉంటాలే" అనేవారు. నేను రెండు వీధుల అవతల కారు పెట్టి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పావుగంట. ఆ పావుగంటా ఆయన ఎండలో ఆ గేటు పట్టుకునే ఉండేవారు. అందుకే పర్మిట్ల కోసం సంతకాలు సేకరిస్తున్నారని తెలియగానే మొదటి వరసలో నేనూ పెట్టాను.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో ఒకటి, బండి రిజిస్ట్రేషన్ కాగితం ఒకటి అడుగుతారు. రెండింటిలోనూ అడ్రస్ అచ్చంగా ఒకేలా ఉండాలి. నా రిజిస్ట్రేషన్ మీద పాత ఇంటి అడ్రస్ ఉంది, దాంతో రెండుసార్లు తిరస్కరించారు. మీరు మాత్రం ముందు అడ్రస్ మార్పించుకుని అప్పుడే పర్మిట్‌కి వెళ్ళండి. ఆఫీసువాళ్ళ బండి వాడేవాళ్ళయితే, ఆ బండి మీ దగ్గరే ఉంటుందని కంపెనీ నుంచి ఉత్తరం కావాలి. అద్దం మీద అంటించే స్టిక్కర్ ఏమీ ఇవ్వరు. బండి నంబర్‌కే పర్మిట్ ముడిపడి ఉంటుంది. కెమెరా ఉన్న బండి వీధిలో తిరుగుతూ నంబర్లు చదువుకుంటూ పోతుంది.

ఈ నంబర్ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. నా కారు రిపేరుకి ఇచ్చినప్పుడు గ్యారేజీవాళ్ళు నాలుగు రోజులకి వేరే కారు ఇచ్చారు. ఆ నంబర్ నా పర్మిట్‌లో ఎక్కించాలన్న ఆలోచనే నాకు రాలేదు. రెండో రోజే ఫైన్. రిపేర్ రసీదు జత చేసి అప్పీల్ పెడితే ఐదు వారాలకి రద్దు చేశారు. బండి మారిన రోజే, తాళాలు చేతికి రాగానే, కొత్త నంబర్ ఎక్కించేయండి.

పగటి విషయంలో మాత్రం ఐదుకి ఐదు ఇస్తాను. పర్మిట్లు అమల్లోకి వచ్చిన మొదటి సోమవారం పదింటికి నాన్నతో తిరిగొస్తే వీధి సగం ఖాళీ. మా గేటు ఎదురుగానే ఆపాను. ఆయన దిగి, వాకర్ సర్దుకుని, అటూ ఇటూ చూసి "ఇవాళ ఏమైనా సెలవా?" అని అడిగారు. ఆ రోజు నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

రాత్రి సంగతి వేరు. పర్మిట్ వేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే. ఏడున్నర దాటి ఇంటికొస్తే మళ్ళీ పాత కథే. బయటివాళ్ళే రాత్రిపూట కూడా పెడుతున్నారని, వేళలు పొడిగించమని అందరం అనుకున్నాం. అర్జీ కూడా రాశాం. అది ఇచ్చేముందు ఒకసారి లెక్క చూద్దామని, నాన్న పడుకున్నాక రెండు వారాల పాటు రోజూ పదిన్నరకి నోట్‌బుక్ పట్టుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. మా వీధిలో 46 బండ్లు పడతాయి. ఏ రాత్రి చూసినా 43కి తక్కువ లేవు. చాలా రాత్రులు మూల మలుపుల్లో, ఇళ్ళ గేట్లకి అడ్డంగా కూడా ఉన్నాయి. రోజూ కనిపించే బండ్లని గుర్తుపట్టడం మొదలుపెట్టాక విషయం అర్థమైంది. ఇద్దరో ముగ్గురో తప్ప అందరూ మావాళ్ళే. ఒక ఇంటికి మూడు కార్లు. ఇంకో ఇంట్లో గ్యారేజీ నిండా పాత సామాను, కార్లు రెండూ రోడ్డు మీద.

పర్మిట్లు ఇచ్చే ఆఫీసుకి రాసి అడిగితే చెప్పారు, మా వీధికి ఇచ్చిన పర్మిట్లు 71. చోట్లు 46. అంటే మన చేతిలో ఉన్నది చోటు కాదు, చోటు వెతుక్కునే హక్కు మాత్రమే. పర్మిట్‌ని వేట లైసెన్సుతో పోల్చడం పార్కింగ్ రంగంలో మామూలట. ఎందుకో ఆ లెక్క చూశాక తెలిసింది. ఇక రాత్రి వేళలు పొడిగిస్తే ఒక్క చోటు కూడా కొత్తగా పుట్టదు. పర్మిట్ ఉన్నవాళ్ళే పర్మిట్ ఉన్నవాళ్ళతో పోటీ పడతారు.

అసలు ఈ పద్ధతి పుట్టిందే వేరే జబ్బుకి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో ఆఫీసులకి వచ్చేవాళ్ళు పక్కనున్న నివాస వీధుల్లో కార్లు పెట్టేస్తుంటే స్థానికులకి మాత్రమే పర్మిట్లు ఇచ్చారు. అది అన్యాయమని కోర్టుకి వెళ్తే, 1977లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. పగలు బయటినుంచి వచ్చే బండ్లకి అది సరైన మందే. మా రైల్వే స్టేషన్ సమస్యకి అందుకే అంత బాగా పనిచేసింది. మన ఇళ్ళ కార్లే ఎక్కువైతే అది పనిచేయదు. జపాన్‌లో ఆ సమస్యని రెండో కొసనుంచి పట్టుకున్నారు. 1962లో తెచ్చిన చట్టం ప్రకారం, బండి పెట్టుకోవడానికి రోడ్డు కాకుండా సొంతంగానో అద్దెకో చోటు ఉందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపే ఉండాలి. మా వీధిలో అంత గట్టి రూలు పెట్టమని నేను అనను. కానీ మూడో కారుకీ మొదటి కారుకీ ఒకే ఫీజు ఎందుకు అన్న ప్రశ్న మాత్రం అడుగుతాను. రెండోదానికి ఎక్కువ, మూడోదానికి ఇంకా ఎక్కువ పెడితే ఆ గ్యారేజీలో సామాను కదులుతుందని నా నమ్మకం.

పార్కింగ్ మీదే జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ ఒక లెక్క చెప్పేవారు. వీధిలో నూటికి 85 చోట్లు నిండి, మిగిలినవి ఖాళీగా ఉంటే వచ్చినవాళ్ళకి వెంటనే చోటు దొరుకుతుంది, చుట్టూ తిరగక్కర్లేదు. మా 46లో అది 39. రాత్రిపూట మేము ఆరేడు బండ్లు ఎక్కువ ఉన్నాం, అంతే. ఆ సంఖ్య చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఆరేడంటే మాట్లాడుకుని తేల్చుకోగలిగినవే.

నిజానికి కొంత తేల్చుకున్నాం కూడా. మా వీధిలో చోట్లకి గీతలు లేవు. వరసగా పెట్టే బండికి దాదాపు ఆరు మీటర్లు చాలు. కానీ చాలామంది ముందూ వెనకా సగం బండి పట్టేంత వదిలేసేవారు. దగ్గరదగ్గరగా పెట్టమని ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ఎదురింటాయన మొదట "నా కారుకి గీతలు పడితే ఎవరిస్తారండీ" అన్నారు. తర్వాత ఆయనే ముందుకి జరిపి పెట్టడం మొదలుపెట్టారు. ఇంటి ముందు కుర్చీలు, పూలకుండీలు పెట్టి చోటు ఆపేవాళ్ళు కూడా తీసేశారు. రోడ్డు ఎవరి సొంతమూ కాదు, ఆ కుర్చీల వల్లే రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

నాకు నిజంగా కోపం తెప్పించింది విజిటర్ పర్మిట్లు. ఇంటికి ఏడాదికి 30 రోజులు. నాన్నకి ఫిజియోథెరపిస్ట్ వారానికి రెండుసార్లు వస్తారు. నాలుగో నెల దాటకుండానే అయిపోయాయి. ఆ తర్వాత ఆవిడ పక్క వీధిలో పెట్టి బరువైన సంచీ మోసుకుంటూ వచ్చేవారు. ఒకరోజు వానలో మా గేటు దగ్గరే ఆపారు, ఫైన్ పడింది. మా కోసం వచ్చిన మనిషికి! ఆ ఫైన్ నేనే కట్టాను. ఏడో నెలలో ఇంకేదో పనికి ఫోన్ చేస్తే, మంచాన ఉన్నవాళ్ళని, పెద్దవాళ్ళని చూడటానికి వచ్చేవాళ్ళకి వేరే పర్మిట్ ఉంటుందని, డాక్టర్ ఉత్తరం చాలని చెప్పారు. దరఖాస్తు పేజీలో ఎక్కడా ఆ మాట లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళ వయసు ఎంత, నడవగలరా అన్నీ అడిగి రాయించుకున్నారు కదా, అప్పుడే ఒక్క ముక్క చెప్పొద్దా? అందుకే ఆఫీసు సేవకి రెండు మార్కులే ఇస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా చూసుకునే మనిషి వస్తుంటే, ఈ పర్మిట్ ఉందా అని మీరే నోరు తెరిచి అడగండి.

ఇంటి ముందు వికలాంగుల చోటు గీయమని కూడా అడిగాను. గీస్తారు, కానీ అది మనకే అని రాసి ఉండదు, వికలాంగుల బ్యాడ్జీ ఉన్న ఎవరైనా పెట్టుకోవచ్చు. మా వీధిలో ఇంకెవరికీ ఆ అవసరం లేదు కాబట్టి దానికి దరఖాస్తు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

వేళలు పొడిగించమన్న అర్జీ ఇవ్వలేదు. దాని బదులు నా రెండు వారాల లెక్క జతచేసి, రెండో మూడో పర్మిట్‌కి ఫీజు పెంచమని కొత్తది రాశాం. ఇప్పటికి 19 ఇళ్ళవాళ్ళు సంతకం చేశారు. మూడు కార్ల ఇంటివాళ్ళు ఇంకా చేయలేదు, ఈ ఆదివారం మళ్ళీ వెళ్తాను. నిన్న రాత్రి పదిన్నరకి 41 ఉన్నాయి. రేపు పదింటికి ఫిజియో ఆవిడ వస్తారు. పర్మిట్ వచ్చింది కాబట్టి మా గేటు ముందే ఆపుతారు.