లిమిటర్‌లో ఒక బటన్: మూడేళ్ళ వాడకం తర్వాత

విశాఖపట్నం మద్దిలపాలెంలో, మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని మిక్సింగ్ చేసుకునే నేను ఈ లిమిటర్ ప్లగిన్‌ను (పాటను బిగ్గరగా పెంచుతూనే శిఖరాలు హద్దు దాటకుండా అణచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను) మూడేళ్ళుగా వాడుతున్నాను. దాని మీటర్ల సంగతి, ఓవర్‌శాంప్లింగ్ సంగతి కొనేవారికి ముందే తెలుసు కనుక వాటి జోలికి పోను. నన్ను కట్టిపడేసింది తెర అడుగున ఒక మూలనున్న బటన్. లిమిటర్‌లోకి మనం ఎన్ని డెసిబెల్స్ ఎక్కిస్తామో, అది నొక్కితే బయటికి వచ్చే ధ్వనిని సరిగ్గా అంతే దించి వినిపిస్తుంది. గట్టిగా వినబడిందల్లా బాగుందనుకోవడం చెవికి అలవాటు. ఆ మాయ తొలగాక మిగిలినదాన్నే ఈ బటన్ మన ముందు పెడుతుంది.

దాని విలువ నాకు తెలిసింది విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక తప్పెటగుళ్ళ బృందం పాటతో. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట మీద పడే దెబ్బ శిఖరం డిజిటల్ ధ్వనికి గరిష్ఠ హద్దయిన సున్నా దాకా లేస్తుంటే, పాట మొత్తం సగటు బిగ్గరతనం మాత్రం -20 లఫ్స్ (బిగ్గరతనపు కొలమానం; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ గట్టి) దగ్గరే ఉండిపోయింది. లిమిటర్‌లో ఆరు డెసిబెల్స్ ఎక్కించగానే పాట మెరిసినట్టు తోచింది గాని, బటన్ నొక్కి వింటే తప్పెట దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు చదునైపోయింది, ప్రతి దెబ్బకూ కాలి గజ్జెలు మునిగి మళ్ళీ తేలుతున్నాయి. అందుచేత మిక్స్‌కే వెనక్కి వెళ్ళాను. కొద్ది మిల్లీసెకన్లే ఉండే తప్పెట శిఖరాన్ని దాని ట్రాకులోనే క్లిప్పర్‌తో కాస్త కోసి, చిన్న స్పీకర్లలో ఎవరికీ వినబడకుండా చోటు మాత్రం తినే నలభై హెర్ట్‌జ్‌కు దిగువనుండే రొదను తీసేసి, గొంతులకూ గజ్జెలకూ గట్టిగా కంప్రెస్ చేసిన (హెచ్చుతగ్గుల తేడా బాగా తగ్గించిన) నకలును అసలు కింద పలచగా కలిపాను. ఆ తర్వాత అదే ఆరు డెసిబెల్స్ ఎక్కించినా, లిమిటర్ నొక్కవలసింది రెండు డెసిబెల్స్ లోపే మిగిలింది. పాట -14 లఫ్స్‌కు చేరింది, దెబ్బ దెబ్బలాగే ఉంది.

ఆ సంతోషంలో బటన్ నొక్కి ఉన్న సంగతి మరచి ఫైలును ఎక్స్‌పోర్ట్ చేశాను. పాట యూట్యూబ్‌లోకి ఎక్కిన రెండో రోజున బృందం పెద్దాయన ఫోన్ చేసి, “ఏటి బాబూ, మా తప్పెట నూతిలోంచి మోగినట్టుంది” అన్నారు. శిఖరాన్ని కాక సగటు బిగ్గరతనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఐటీయూ 2006లోనే ప్రమాణంగా తెచ్చిందనీ, యూట్యూబ్ ఎలాగూ అందరినీ ఒకే మట్టానికి తెస్తుందనీ నేను ఆయనకు పది నిమిషాలు పాఠం చెప్పాను, పాపం ఆయన ఓపికగా విన్నారు. ఫోన్ పెట్టేశాక అనుమానం వచ్చి ఫైలును విడిగా కొలిస్తే మళ్ళీ -20. ఆ బటన్ వినడానికి మాత్రమే కాదు, రాసే ఫైలుకూ వర్తిస్తుంది. లిమిటర్ మీటరేమో బటన్‌కు ముందే కొలుస్తుంది కనుక నిశ్చింతగా -14 చూపిస్తూనే ఉంది. యూట్యూబ్ గట్టి పాటను తగ్గిస్తుందే తప్ప మెల్లని పాటను పెంచదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒక్క హెచ్చరిక కూడా పెట్టని తయారీదారు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎక్కించిన వీడియోలో ఫైలు మార్చే వీలు లేక కొత్తగా ఎక్కించవలసి వచ్చింది, పాతదానికి వచ్చిన వీక్షణలన్నీ పోయాయి, ఆ మాట పెద్దాయన కలిసినప్పుడల్లా ఎత్తుతారు.

సమానంగా వినిపిస్తుందన్న నా మెప్పునూ కొంత సవరించుకోవాలి. శిఖరాలు తెగిన పాట, దించాక అసలు కన్నా ఒకింత మెల్లగానే ఉంటుంది కనుక పోలిక లిమిటర్‌కు వ్యతిరేకంగా మొగ్గుతుంది. రెండు డెసిబెల్స్ దాకా అది పట్టించుకోనక్కరలేదు. అంతకు మించితే ఇప్పుడు రెండింటి లఫ్స్‌నూ నేనే సరిచూసుకుని వింటున్నాను.

నా దగ్గరికి వచ్చేవి జానపదాలు, భజనలు, అదీ నెలకు మూడో నాలుగో. ఫైలును పంపే ముందు విడిగా మరోసారి కొలుచుకునే తీరిక నాకుంది కాబట్టి ఈ లిమిటర్‌ను వదలను గాని, రాత్రికి రాత్రి పది పాటలు ఇవ్వవలసిన వారికి కొనమని చెప్పడానికి జంకుతాను.