చిన్న బ్యాచ్‌లకు మాడ్యులర్ ప్యాకింగ్ మెషీన్: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

నిమిషానికి ఎన్ని ప్యాకెట్లు తీస్తుంది? ప్యాకింగ్ మెషీన్ అమ్మేవాళ్లు మొదట చెప్పేదీ, కొనేవాళ్లు మొదట అడిగేదీ ఇదే. చిన్న బ్యాచ్‌లు చేసేచోట ఈ అంకెతో పెద్దగా పని లేదు. బ్యాచ్‌కి 600 ప్యాకెట్లు అనుకోండి. నిమిషానికి 30 తీసే మెషీన్‌కి 20 నిమిషాలు పడుతుంది, 60 తీసేదానికి 10. రెట్టింపు వేగం కొనుక్కుంటే కలిసొచ్చేది బ్యాచ్‌కి 10 నిమిషాలు. పొడి ఆపి గింజల ప్యాకింగ్‌కి మారడానికి గంట పైనే పడుతుంటే ఆ 10 నిమిషాలు ఏ మూలకి? మేం రోజులో నాలుగైదు సరుకులు మారుస్తాం కాబట్టి మాడ్యులర్ మెషీన్, అంటే సరుకును బట్టి భాగాలు ఊడదీసి మార్చుకునేది, తీసుకున్నాం. రోజూ దాంతోనే వేగుతున్నాను గనక, అందులో ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది బ్రోచర్ వరకే పరిమితమో చెప్పగలను.

మాది నిలువు మెషీన్. రోల్ నుంచి వచ్చే ప్లాస్టిక్ ఫిల్మ్, దాన్ని గొట్టంలా వంచే కాలర్ మీదుగా మడతపడి ట్యూబ్ చుట్టూ చుట్టుకుంటుంది. వెనక నిలువు సీల్, కింద అడ్డ సీల్ పడతాయి. ట్యూబ్ లోపలి నుంచి సరుకు జారుతుంది. ఫ్రేమ్ ఒకటే, ఫిల్లింగ్ హెడ్‌లు మూడు: పొడులకి ఆగర్ (తిరుగుతూ పొడిని కిందికి తోసే స్క్రూ), గింజలకీ చిరుతిళ్లకీ తూకం వేసేది, సాస్‌లకి పిస్టన్‌ది.

మనసారా మెచ్చుకోవాల్సింది ఈ హెడ్‌ల మార్పిడినే. ప్రతి హెడ్‌కీ చక్రాల బండి ఉంది. తోసుకొచ్చి ఫ్రేమ్‌కి ఆనిస్తే, కొన సన్నగా ఉన్న రెండు పిన్నులు చిన్న గొట్టాల్లాంటి బుష్‌లలోకి దిగి హెడ్‌ను దాని చోట కూర్చోబెడతాయి. లివర్ తిప్పితే బిగుస్తుంది. ఆపైన ఒక గాలి గొట్టం, ఒక కేబుల్ ప్లగ్, అంతే. ఏ హెడ్ తగిలించామో ప్లగ్‌ను బట్టి మెషీనే గుర్తుపట్టి దానికి తగిన స్క్రీన్ చూపిస్తుంది. స్పానర్ పట్టుకునే పనే లేదు, ఒక్క మనిషి చాలు.

అయితే ఆ బుష్‌లు వాడగా వాడగా అరుగుతాయి. అరిగితే మెషీన్ చెప్పదు, ప్యాకెట్ చెబుతుంది. అడ్డ సీల్‌లో పొడి ఇరుక్కుని ప్యాకెట్లు లీకవుతుంటే అందరి చూపూ హీటర్ మీదికే పోతుంది, ఉష్ణోగ్రత పెంచుతూ పోతారు. మా దగ్గర అలా జరిగినప్పుడు ట్యూబ్ విప్పి టార్చ్ వేసి చూస్తే, లోపలి గోడకి ఒక పక్కనే సన్నని చారలా పొడి అంటుకుని ఉంది. హెడ్ కొద్దిగా పక్కకి జరగడంతో పొడి ట్యూబ్ నడిమధ్య పడకుండా గోడకి తగిలి, ఆలస్యంగా జారి, సీల్ మూసుకునే వేళకి అక్కడికి చేరుతోంది. బుష్‌లు మార్చాక లీకులు ఆగిపోయాయి. వాటిని విడి భాగాలుగా ఇచ్చిన డిజైనర్‌కి దండం పెట్టాలి. ఫ్రేమ్‌కే రంధ్రాలు వేసి వదిలేసిన మెషీన్లూ ఉంటాయి. వాటిలో ఈ చిన్న అరుగుదల పెద్ద రిపేరే అవుతుంది.

ఇక "ఏ సైజు ప్యాకెట్ అయినా" అనే మాట. ప్యాకెట్ పొడవును స్క్రీన్ మీద అంకె మార్చి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. వెడల్పు అలా మారదు. అది ట్యూబ్ చుట్టుకొలతలో సగం. 100 మిల్లీమీటర్ల వెడల్పు కావాలంటే దాదాపు 64 మిల్లీమీటర్ల వ్యాసమున్న ట్యూబ్, దానికి జతగా చేసిన కాలర్ కావాల్సిందే. వెడల్పు మారిందంటే కొత్త సెట్టు, దానికి తగ్గ వెడల్పున్న ఫిల్మ్ రోల్. ఆ సెట్టు చవకేమీ కాదు. కాలర్ అంచుకి చిన్న సొట్ట పడినా ఫిల్మ్ మీద ముడత వచ్చేస్తుంది, అందుకే మేం కాలర్లను నేల మీదో బల్ల మీదో పెట్టనివ్వం, గోడకి కొక్కేలు కొట్టి తగిలిస్తాం. మా అన్ని సరుకులకీ రెండే వెడల్పులు ఖాయం చేసుకుని, బరువుల తేడాను పొడవుతో సర్దుకున్నాం. ఒక ప్యాకెట్ కాస్త పొడుగ్గా, ఇంకోటి కాస్త పొట్టిగా కనబడుతుంది. మా ప్యాకెట్ డిజైనర్‌కి అది నచ్చలేదు, నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

సీలింగ్ దగ్గర నా అసంతృప్తి ఎక్కువ. పైన పీఈటీ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్), లోపల పాలిథిలిన్ ఉన్న మామూలు ఫిల్మ్ చాలా మంచిది. లోపలి పొర 110–130 డిగ్రీల దగ్గర కరిగి అతుక్కుంటుంది, పై పొర 250 దాటితే గానీ కరగదు. మధ్యలో బోలెడు వెసులుబాటు. రీసైక్లింగ్ కోసమని మొత్తం పాలిథిలిన్‌తోనే చేసే ఫిల్మ్‌కి మారితే ఆ వెసులుబాటు ముప్పాతిక పోతుంది. పై పొర వేడికి కాస్త ఎక్కువ తట్టుకునేలా చేసినా, అదీ పాలిథిలినే కదా, వేడి కొంచెం ఎక్కువైతే సీలింగ్ బార్‌కి అంటుకుంటుంది, తక్కువైతే అతుకు ఊడుతుంది. మా మెషీన్‌లో బార్ పొడవంతటికీ ఒకటే సెన్సార్, అదీ మధ్యలో. చివర్లు చల్లగా ఉండిపోయేవి. మధ్యలో గట్టిగా ఉన్న సీల్ మూలల్లో చేత్తో లాగితే విడిపోయేది. అన్నీ ఊడదీసి మార్చుకునేలా చేసినవాళ్లు సీలింగ్ బార్లను మాత్రం నాలుగేసి అలెన్ బోల్టులతో, వేలు దూరని చోట బిగించారు. సరఫరాదారుకి ఎన్నిసార్లు చెప్పినా "వాటిని తరచూ మార్చరు కదండీ" అన్నదే జవాబు. ఫిల్మ్ మారితే బార్ మారాల్సిన అవసరం వస్తుందని వాళ్లకి తట్టినట్టు లేదు.

సెట్టింగుల సంగతి. ఉష్ణోగ్రత, పొడవు, ఆగర్ ఎన్ని చుట్లు తిరగాలి అన్నవన్నీ సరుకు పేరుతో స్క్రీన్‌లో సేవ్ అవుతాయి. చేత్తో తిప్పి పెట్టే గైడ్లు సేవ్ కావు. వాటి పక్కన చెక్కిన స్కేలూ సూచికా ఉన్నాయి కాబట్టి సరిపోయింది, సరుకు వారీగా అంకెలు రాసుకుని కార్డు తగిలించాం. కొత్తగా చేరిన కుర్రాడైనా కార్డు చూసి పెట్టేస్తాడు. ఒక జాగ్రత్త: ఆగర్ కొలిచేది పరిమాణమే. పొడి వదులుగా వచ్చినా, గట్టిపడి వచ్చినా అన్నే చుట్లు తిరుగుతుంది, బరువు మాత్రం మారిపోతుంది. సేవ్ చేసిన అంకెను నమ్మి మొదటి ప్యాకెట్లను తూచకుండా వదలకండి.

షిగియో షింగో అనే జపాన్ ఇంజనీర్ మెషీన్ ఆగి ఉంటేనే చేయగల పనులనూ, అది నడుస్తుండగానే చేయగల పనులనూ వేరుచేసి, సెట్టింగ్ మార్పిడిని 10 నిమిషాల లోపుకి తేవాలన్నాడు. మాడ్యులర్ మెషీన్ అసలు ప్రయోజనం అక్కడే ఉంది. తూకం హెడ్ నడుస్తుంటే ఆగర్ హెడ్ అవతల కడుక్కుంటూ ఉంటుంది. తర్వాతి రోల్ ముందే రెండో షాఫ్ట్‌కి, అంటే రోల్ తొడిగే కడ్డీకి, ఎక్కి ఉంటుంది. అదనపు షాఫ్ట్‌ని వదులుకోవద్దు, కొటేషన్‌లో ఆఖరి లైన్‌లో ఉంటుంది, బేరంలో మొదట ఎగిరిపోయేదీ అదే.

కడగడం అంటే గుర్తొచ్చింది. గింజలు తిన్నా, వాటి పొడి తగిలినా అలర్జీ వచ్చేవాళ్లుంటారు కాబట్టి గింజల తర్వాత పొడికి మారేటప్పుడు తుడిచి ఊరుకుంటే కుదరదు. సరుకు పోసే హాపర్, ఆగర్ స్క్రూ చేత్తోనే ఊడొచ్చి సింక్‌లో పడతాయి, బాగుంది. కానీ కడగడం కన్నా ఆరడానికే ఎక్కువ సమయం పడుతుంది. కాస్త తడి మిగిలినా పొడి గోడలకి పేస్టులా పట్టేస్తుంది. మేం రెండో హాపర్, రెండో స్క్రూ కొన్నాక గానీ టెన్షన్ తగ్గలేదు. ఫ్రేమ్ మీద పైకి కనబడే మరలూ, బల్లపరుపు పలకలూ మాత్రం దుమ్ముకి పుట్టిల్లు. వాటిని కాస్త వాలుగా పెట్టి ఉంటే సగం తుడుపు తప్పేది.

కంట్రోలర్‌కి పాస్‌వర్డ్ వేసి ఇవ్వడం ఇంకో తలనొప్పి. వేరే కంపెనీ తూకం హెడ్ తగిలించుకోవాలంటే నిజానికి కావాల్సింది "నేను రెడీ", "ఇక వదులు" అనే రెండు సిగ్నళ్లే. ఆ వైర్ల వివరాలు కాగితం మీద ఇవ్వని మెషీన్ వాళ్ల సొంత హెడ్‌ల వరకే మాడ్యులర్.

ఒకే సరుకును రోజంతా ప్యాక్ చేసేవాళ్లకి ఇది డబ్బు దండగ. రోజుకు వంద ప్యాకెట్లు దాటనివాళ్లకి చేత్తో నింపి పెడల్ సీలర్‌తో మూయడమే మేలు. ఈ రెండింటికీ మధ్య ఉన్నవాళ్లు కొనాలనుకుంటే మీ ఫిల్మ్ రోల్, మీ పొడి, మీ గింజలు పట్టుకుని వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లండి. ఒక సరుకు చివరి మంచి ప్యాకెట్ పడ్డప్పుడు గడియారం మొదలుపెట్టి, కడగడం, ఆరబెట్టడం, సెట్టింగ్ అన్నీ అయ్యి, రెండో సరుకు మొదటి మంచి ప్యాకెట్ పడ్డాకే ఆపండి. కొటేషన్‌లో వేగం పక్కన ఆ అంకె కూడా రాసివ్వమనండి.