పాత డస్టరా, పాత స్కార్పియోనా?

కోనసీమలో ఉంటూ టెంటు వేసుకుని మారేడుమిల్లి అడవి దారులు తిరగాలనుకునేవాళ్లకు సెకండ్ హ్యాండ్‌లో నేను చూడమనే బండ్లు రెండు: రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ, మహీంద్రా స్కార్పియో ఫోర్ బై ఫోర్. రెండింట్లోనూ ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. రెండూ డీజిలే.

స్కార్పియోకు లో రేంజ్ గేర్ ఉంది, అంటే వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే గేరు. వానకు నానిన మట్టి ఎత్తుల్లో క్లచ్ కాలిపోకుండా నిదానంగా ఎక్కేస్తుంది. డస్టర్‌కు ఆ గేరు లేదు. కానీ వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ కావడంతో గుంతల రోడ్డులో పిల్లలకు కుదుపు తక్కువ. బండి తేలిక కాబట్టి అంతర్వేది ఇసుకలో కూరుకుపోయే టెన్షనూ తక్కువే, టైర్లలో గాలి తగ్గించుకుంటే చాలు.

ఈ పాత డస్టర్ అమ్మకం మన దేశంలో 2022లో ఆగిపోయింది. ఏడబ్ల్యూడీ విడిభాగాల కోసం తిరగాలి. స్కార్పియో తెలిసిన మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడు. అందుకే నా ఓటు స్కార్పియోకే. రోడ్డు ప్రయాణాలే ఎక్కువైతే మాత్రం డస్టర్ తీసుకోండి.

ఏది కొన్నా సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. వరదలో మునిగిన బండయితే ఆ చివర బురద చార కనబడుతుంది. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఉప్పుగాలికి అడుగున తుప్పు పట్టిందేమో లిఫ్ట్ ఎక్కించి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.