పాల లెక్కతో మొదలుపెడితే: స్ప్రెడ్‌షీట్ మేలా, పైథాన్ మేలా?

ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్ ముందు నేర్చుకోవాలా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ముందా? తిరుపతిలో డిగ్రీలో చేరిన పిల్లల్లో చాలామందిని వేధించే ప్రశ్న ఇది. కోచింగ్ సెంటర్‌లో అడిగితే అక్కడ ఏ కోర్సు ఉంటే అదే మేలంటారు. సీనియర్లను అడిగితే వాళ్లు చదివిందే గొప్ప. అందుకే మనుషులను వదిలేసి, ఒకే లెక్కను రెండింటిలోనూ చేసి చూడటం మంచిది. ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచీ వరుసలు ఎలాగూ పుస్తకాల్లో ఉన్నాయి. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన లెక్క మరొకటి ఉంది: పాల కేంద్రం ఖాతా.

రోజుకు రెండు పూటలా పాలు పోస్తారు. లీటర్లు ఎన్నో, వెన్న శాతం ఎంతో రాసుకుంటారు. వెన్నను బట్టి లీటరు ధర, పదిహేను రోజులకోసారి బిల్లు. అసలు ధరలో ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) కూడా లెక్కలోకి వస్తుంది కానీ అభ్యాసానికి దాన్ని పక్కన పెడదాం. ఊహకు ఇలా అనుకుందాం: వెన్న 3.5 నుంచి 33 రూపాయలు, 4.0 నుంచి 36.50, 4.5 నుంచి 39.

ఒక పూట వెన్న 4.2 వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో దీనికి ధర తేవాలంటే, పట్టికలో వెతికి విలువ తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా వాడాలి. చివర ఫాల్స్ పెట్టాలని చాలాచోట్ల బట్టీ పట్టిస్తారు. ఇక్కడ ఫాల్స్ పెడితే ఎన్‌ఏ (దొరకలేదు) అని వస్తుంది, ఎందుకంటే పట్టికలో 4.2 లేదు. ట్రూ పెడితే 4.2కు మించని వాటిలో పెద్దదైన 4.0 వరుసను పట్టుకుని 36.50 ఇస్తుంది. అయితే ధరల పట్టిక చిన్న అంకె నుంచి పెద్దదానికి వరుసగా ఉండాలి. ఫాల్స్ ఎప్పుడు, ట్రూ ఎప్పుడు అన్నది బట్టీతో రాదు, ఇలాంటి లెక్క ఒకటి చేస్తే వస్తుంది.

అదే పైథాన్‌లో ఇఫ్ (ఇలా అయితే), ఎలిఫ్ (కాకపోతే, ఇలా అయితే) షరతులతో రాస్తారు. కొత్తవాళ్లు ధరల పట్టిక ఉన్న వరుసలోనే షరతులు కూడా రాసేస్తారు: మొదట 3.5 దాటిందా, తర్వాత 4.0 దాటిందా అని. అప్పుడు 4.6 ఉన్న పాలకూ మొదటి షరతే సరిపోతుంది, మిగతావి చూడకుండా 33 రూపాయలే పడుతుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాలు రావు, బిల్లు మాత్రం తక్కువ వస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఇఫ్‌లు ఒకదానిలో ఒకటి పెట్టినా ఇదే తప్పు జరుగుతుంది. కానీ అక్కడ 4.6 పక్కనే 33 కళ్లెదుట ఉంటుంది, పాలు పోసే ఇంటి పిల్లలైతే చూసీచూడగానే పట్టేస్తారు. పైథాన్‌లో మీరు అడిగితే తప్ప మధ్యలో ఏం జరిగిందో కనిపించదు. ఈ ఒక్క విషయంలో స్ప్రెడ్‌షీట్‌కే నా ఓటు.

మరో తప్పు చూస్తే మాత్రం ఓటు మారుతుంది. ఎవరో 5.3 అని కొట్టాల్సిన గడిలో '5.3 లీ' అని కొట్టారు. స్ప్రెడ్‌షీట్‌కు అది అంకె కాదు, అక్షరాలు. సమ్ ఫార్ములా ఆ గడిని చడీచప్పుడు లేకుండా వదిలేసి మిగతావి కూడుతుంది. గడిలో ఆ 'లీ' ఉండటం, అది ఎడమ పక్కకు జరిగి ఉండటం తప్ప మీకు వేరే ఆనవాలు దొరకదు. పైథాన్‌లో దాన్ని ఫ్లోట్‌గా (దశాంశ అంకెగా) మార్చబోతే వెంటనే వాల్యూ ఎర్రర్ అని అక్కడే నిలబడిపోతుంది. ఫ్లోట్ మరిచిపోయి రెండు పూటల లీటర్లను అక్షరాలుగానే కూడితే 5.3కు 5.5 కలిసి '5.35.5' అవుతుంది, నవ్వొస్తుంది కానీ తప్పు దాగదు. నలభై ఇళ్ల ఖాతాలో కనబడని ఒక గడికన్నా మొండికేసే ప్రోగ్రామే నయం.

పైసల దగ్గర రెండూ జాగ్రత్త కోరతాయి. 5.3 లీటర్లు, 36.50 చొప్పున 193.45. గడిలో పైసలు కనబడకుండా చేస్తే 193 అని చూపిస్తుంది. అలాంటి పూటలు రెండు ఉంటే 193, 193 కింద మొత్తం 387 అని ఉంటుంది. రైతు వేళ్ల మీద కూడితే 386. లోపల దాగిన విలువలు 193.45లే, చూపు మాత్రమే మారింది. నిజంగా సవరించాలంటే రౌండ్ వాడాలి. అందులోనూ తేడా ఉంది: 5 లీటర్లకు 182.50 వస్తే ఎక్సెల్ రౌండ్ 183 అంటుంది, పైథాన్ రౌండ్ 182 అంటుంది. సరిగ్గా సగం దగ్గర పైథాన్ సరి సంఖ్య వైపు మొగ్గుతుంది. జవాబులు సరిపోలలేదని తల పట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఇంటింటి మొత్తాలు. స్ప్రెడ్‌షీట్‌లో పేరు వారీగా కూడి చూపే పివట్ టేబుల్ పెడితే నాలుగు నొక్కుల్లో అయిపోతుంది. బిల్లు కావలసినవారికి అంతకన్నా ఏం కావాలి? నేర్చుకునేవారికి అదే లోటు. పైథాన్‌లో ఒక డిక్షనరీ (ఇంటి పేరు, దాని మొత్తం జతగా దాచుకునేది) పెట్టుకుని, ఒక్కో వరుస చదువుతూ ఆ ఇంటి మొత్తానికి కలుపుతూ పోవడం అరపూట పని. కానీ ఆ అరపూటలో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం), డిక్షనరీ రెండూ చేతికి వస్తాయి. పైగా వచ్చే పక్షం ఫైలు పేరు మారిస్తే చాలు.

కాబట్టి బీకాం వారు, అకౌంట్ల ఉద్యోగం చూసుకునేవారు స్ప్రెడ్‌షీట్ దగ్గరే ఆగి దాన్ని లోతుగా నేర్చుకున్నా తప్పులేదు. ప్రోగ్రామింగ్ వైపు వెళ్లేవారు కూడా మొదట ఇదే ఖాతాను షీట్‌లో చేసి, జవాబు చేతిలో పెట్టుకుని, తర్వాత పైథాన్‌లో రాయడం మేలు. సరిచూసుకోవడానికి వేరే ఎవరినీ అడగక్కర్లేదు. డబ్బు ఖర్చు సాకు కూడా కాదు, స్ప్రెడ్‌షీట్ ఉన్న లిబ్రెఆఫీస్, పైథాన్ రెండూ ఉచితమే.

షీట్ నుంచి పైథాన్‌కు ఖాతాను సీఎస్‌వీగా (విలువల మధ్య కామాలు ఉండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) దాచి తీసుకెళ్తారు. బ్యాంకు ఖాతా నంబర్ల నిలువు వరుస అక్కడే దెబ్బతింటుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నా అవుతుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చాలి, కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. దాచిన సీఎస్‌వీని ఊరికే చూద్దామని మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినా అదే జరుగుతుంది. చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో తెరవండి.