బాస్ వేటకు పోలరైజ్డ్ కళ్లద్దాలు: కొన్నేళ్లు వాడాక నా మాట

లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కోసం గాలం వేయడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు రాడ్, రీల్, రంగురంగుల లూర్ల (కృత్రిమ ఎరల) మీద డబ్బు పెడతారు. నన్నడిగితే వాటికంటే ముందు కొనాల్సినవి మంచి పోలరైజ్డ్ కళ్లద్దాలు. రాగి రంగు లెన్సులున్న జత ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాను. చేపలు దొరకడానికి అవి సాయపడ్డాయి, నిజమే. కానీ ఎక్కడ గాలం వేయకూడదో చూపించినందుకే వాటిని ఎక్కువ మెచ్చుకుంటాను.

నీటి మీద పడి మన కళ్లలోకి తిరిగొచ్చే మెరుపులో అడ్డంగా కంపించే కాంతి ఎక్కువ. లెన్సులోని ఫిల్టర్ దాన్ని ఆపేసి, నీళ్లలోంచి పైకొచ్చే వెలుతురును రానిస్తుంది. నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తే ఆ మెరుపు దాదాపు మాయమవుతుంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి అది రెండు మీటర్ల దూరంలోని నీరు. ఇంకా దూరం చూసేకొద్దీ మెరుపు కొంత మిగులుతుంది. అద్దాలు పెట్టుకున్న కొత్తలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కాంతి వంగడం వల్ల చేప ఉన్న లోతు కంటే పైకి కనిపిస్తుంది. అందుకే నేను ఎరను చేపకు అవతల వేసి, నెమ్మదిగా దాని వైపు లాక్కొస్తాను.

వసంతంలో వీటి విలువ బాగా తెలుస్తుంది. నీరు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కేసరికి మగ బాస్ ఒడ్డు దగ్గర తోకతో అడుగు ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది. మామూలు కళ్లకు అక్కడ తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనపడదు. అద్దాల్లోంచి చూస్తే చుట్టూ నల్లటి బురద, మధ్యలో శుభ్రమైన గులకరాళ్లు, వాటి మీద కదలకుండా ఒక చేప. ఓసారి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. అరచేతంత బ్లూగిల్ చేప ఒకటి అంచు దాకా వచ్చింది. బాస్ ఒక్క దూకులో దాన్ని తరిమి, వెంటనే వెనక్కి తిరిగి గుడ్ల మీద తోకతో నీళ్లు ఆడించింది. కాసేపటికి మరో బ్లూగిల్, మళ్లీ అదే పని. ఆ సమయంలో బాస్ ఆకలితో కాదు, గూటి కాపలాకే ఎరను నోట పట్టుకుంటుంది. దాన్ని పైకి లాగి ఫొటో తీసి వదిలే లోపే బ్లూగిల్స్ గుడ్లు తినేస్తాయి. చట్టం ఒప్పుకునే చోట కూడా గూటి మీది చేపను పట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

లోతు తక్కువున్న చోట బురద అడుగున స్నాపింగ్ తాబేలు నాచు పట్టిన రాయిలా పడుకుని ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ ఎర దాని ముందు నుంచి పోతే నోట పట్టేస్తుంది, కొక్కెం లోపల దిగితే తీయడం నరకం, దానికీ మనకూ. ఇప్పుడు తల, గోళ్లు ముందే కనిపిస్తున్నాయి కాబట్టి ఎర పక్కకు వేస్తున్నాను. పాముల విషయంలోనూ టెన్షన్ తగ్గింది. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు నీళ్లలో విషమున్న కాటన్‌మౌత్ ఈదేటప్పుడు సాధారణంగా ఒళ్లంతా నీటిపైన తేలుతుంది. విషం లేని నీటిపాముల ఒళ్లు చాలావరకు నీటిలోపలే ఉంటుంది. ఆ మునిగిన భాగం అద్దాల్లోంచి దూరం నుంచే తెలుస్తుంది. ఏ పామైనా దారి ఇచ్చి ఊరుకోవడమే మంచిదనుకోండి.

మునిగిన కొమ్మలకు చుట్టుకున్న పాత నైలాన్ దారం కూడా కనిపిస్తుంది. అందినంత లాగి సంచిలో వేసుకుంటాను. కొంగల కాళ్లకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుని ప్రాణం తీసేది అదే.

లోపాలూ ఉన్నాయి. పొద్దుగుంకే వేళ ఈ లెన్సులు చీకటిగా అనిపిస్తాయి, తీసేయాల్సిందే. కొన్ని ఫోన్లు, ఫిష్‌ఫైండర్ (నీటి కింద చేపలను చూపే పరికరం) తెరలు ఒక కోణంలో నల్లబడిపోతాయి. బురద నీటిలో అద్దాలేమీ చేయలేవు, చూపును అడ్డుకునేది బురదే కదా. నా జతకు రెండో ఏడాదికే పైపూత అంచుల్లో లేచింది. దోమల మందులోని డీట్ ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది, కాబట్టి మందు రాసుకున్న వేళ్లతో లెన్సులు ముట్టుకోవద్దు. తుడిచే ముందు మంచినీళ్లతో కడగండి, లేదంటే ఇసుక రేణువులు గీతలు పెడతాయి.

నీరు తేటగా, లోతు తక్కువగా ఉండేచోట రాగి రంగు తీసుకోండి. ఎండ మండే విశాలమైన సరస్సుకు బూడిద రంగు హాయి. గాజు లెన్సుకు గీతలు తక్కువ, బరువు ఎక్కువ. నేను మాత్రం పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌నే ఎంచుకుంటాను. కొమ్మకు ఇరుక్కున్న లూర్ లాగినప్పుడు ఊడి మూడు కొక్కేలతో సహా ముఖం మీదికి దూసుకొస్తుంది, ఆ దెబ్బకు ఈ లెన్సు పగలదు. పడవలో పిల్లలుంటే వాళ్లకూ ఒక జత తప్పకుండా పెట్టండి.